నలుగురు కాదు, ఐదుగురు

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా బల్మూర్‌లో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. కరువు భత్యం బకాయిల గురించి, వైద్య కార్డుల గురించి నాకంటే బాగా మాట్లాడగలవారు ఈ సభలో ఉన్నారు. నేను ఉద్యోగ జీవితమంతా గుమాస్తాగిరీ చేసినవాడిని. నాకు వచ్చిన విద్య ఒక్కటే. కింద ఉన్న మనుషుల లెక్క తీసి, కాగితం మీద పెట్టి, కవరింగ్ లెటరు జతచేసి పై ఆఫీసుకు పంపడం. ఈ రోజు ఆ లెక్క గురించే మాట్లాడతాను. ఆ లెక్కలో నేను చేసిన ఒక తప్పు కూడా మీ ముందు చెప్పుకుంటాను. డెబ్బై దాటిన తరువాత తప్పు దాచుకుని బాగుపడేదేమున్నది?

ముందుగా ఈ రోజు ప్రాముఖ్యం ఒకసారి గుర్తు చేసుకుందాం. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం డి.ఎస్. నకారా కేసులో తీర్పు చెప్పింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ గారు ఆ ధర్మాసనానికి నాయకత్వం వహించారు. పింఛను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పు సారాంశం. ఇది మనందరికీ తెలిసినదే, ప్రతి సంవత్సరం చెప్పుకునేదే. కాని ఆ కేసు ఎందుకు వచ్చిందో కొద్దిమందికే గుర్తుంటుంది. అది ఒక తేదీ గురించి వచ్చిన కేసు. 1979 మార్చి 31వ తేదీన గాని, ఆ తరువాత గాని రిటైరైన వారికే పెరిగిన పింఛను వర్తిస్తుందని, అంతకు ముందు రిటైరైన వారికి వర్తించదని కేంద్ర ప్రభుత్వం గీత గీసింది. ఆ గీత చెల్లదని కోర్టు కొట్టివేసింది. అంటే రిజిస్టరులో తేదీ గడిలో రాసిన నాలుగు అంకెలు ఒక మనిషి ముసలితనాన్ని ఎట్లా మారుస్తాయో ఆ రోజే దేశానికంతా తెలిసింది.

మా నాయన కాలంలో పింఛను అనేవారు కాదు, వజీఫా అనేవారు. నిజాం సర్కారులో పనిచేసిన పెద్దలు నెలనెలా వజీఫా తెచ్చుకునేవారు. లెక్క రాసేవాడికి మనిషి తెలుసు, మనిషికి లెక్క రాసేవాడు తెలుసు. కాలం మారింది. ఇప్పుడు లెక్క రాసేవాడు అచ్చంపేటలో ఉంటే, దాన్ని చూసేవాడు హైదరాబాదులో, దాచేవాడు ముంబైలో, పర్యవేక్షించేవాడు ఢిల్లీలో ఉంటారు. మధ్యలో ఎవరికీ ఆ మనిషి ముఖం తెలియదు. వారికి తెలిసినది మనం పంపిన కాగితం ఒక్కటే. కాగితం తప్పైతే మనిషే తప్పైపోతాడు.

ఇక నా సంగతికి వస్తాను.

2004 సెప్టెంబరు 1 తరువాత చేరిన ఉద్యోగులకు పాత పింఛను లేదని, వారికి కంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీము వర్తిస్తుందని ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. ఆ జీవో నెంబరు 653, తేదీ 22-9-2004. మనలాంటి పాతవారికి జీతంలో జీపీఎఫ్ కోత ఉండేది, పింఛను ప్రభుత్వం ఇచ్చేది. కొత్తవారికి మూల వేతనం, కరువు భత్యం కలిపి అందులో పది శాతం కోసి, ప్రభుత్వం అంతే మొత్తం కలిపి, వారి పేరున జమ చేయాలి. ఆ జమ పెరిగి పెద్దదైతే దాని మీదనే రేపటి పింఛను. అంటే పాత పద్ధతిలో సర్వీసు రిజిస్టరులో ఏళ్ళు లెక్కకు వస్తే చాలు. కొత్త పద్ధతిలో ప్రతి నెలా, ప్రతి మనిషి, ప్రతి రూపాయి లెక్కకు రావాలి. ఒక నెల తప్పితే ఆ నెల తప్పినట్టే.

ఆ సంవత్సరాలలో నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో పే బిల్లులు చూసేవాడిని. ఆఫీసు పేరు చెప్పను, అవసరమూ లేదు. నాతో పనిచేసిన వారెవరికీ ఈ తప్పులో భాగం లేదు. కొత్త స్కీములోకి వచ్చేవారి పేరు, పుట్టిన తేదీ, ఉద్యోగంలో చేరిన తేదీ, నామినీ వివరాలతో ఫారం నింపి ట్రెజరీకి పంపితే వారు ఒక ఇండెక్సు నెంబరు ఇచ్చేవారు. ఆ నెంబరుతో నెలనెలా బిల్లుకు షెడ్యూలు జతచేయాలి. దానికి తోడు, మీ ఆఫీసులో ఈ స్కీము కిందికి వచ్చేవారు ఎందరు అని పై నుండి స్టేట్‌మెంటు అడిగేవారు.

మా ఆఫీసులో మొదట నలుగురు ఉండిరి. నేను నలుగురి పేర్లు రాసి పంపితిని. తరువాతి నెల మళ్ళీ అడిగారు. పాత కాగితం కాపీ ముందు పెట్టుకుని మళ్ళీ నలుగురు అని రాసితిని. ఆ పై నెల ‘మార్పు లేదు’ అని రాసితిని. ఈ నాలుగు అక్షరాల సుఖం గుమాస్తాలందరికీ తెలుసు. మార్పు లేదు అని రాస్తే లేచి చూడనక్కరలేదు, బీరువా తీయనక్కరలేదు, తేనీరు చల్లారదు.

కాని మార్పు ఉన్నది. 2005లో మా ఆఫీసులో ఒక అబ్బాయి అటెండరుగా చేరాడు. వాళ్ళ నాయన సర్వీసులో ఉండగా చనిపోతే కారుణ్య నియామకం కింద వచ్చాడు. నాయన పాతవాడు, కొడుకు ఆయన జాగాలోకి వచ్చినవాడు కనుక ఇతనికీ పాత పింఛనే వర్తిస్తుందని నా బుర్రలో ఏదో తోచింది. ఎవరినీ అడగలేదు, ఉత్తర్వు తీసి చదవలేదు. చేరిన తేదీ 2004 సెప్టెంబరు 1 తరువాత అయితే కొత్త స్కీమే. అందులో తండ్రి సర్వీసుకు సంబంధం లేదు. ఆ ముక్క నాకు తెలియదు అనను. చూడలేదు అంటాను.

నాలుగైదు నెలలు గడిచాక ఒకనాడు ఆ అబ్బాయే నా టేబులు దగ్గరికి వచ్చాడు. “సారూ, కొత్తగ వచ్చినోళ్ళందరికి జీతంల ఏదో కోత పడుతున్నది. నాకు పడుతలేదు. అది నాకు మంచిదేనా?” అని అడిగాడు.

నేను నవ్వి, “మంచిదే తమ్మీ, చేతికి నాలుగు పైసలు ఎక్కువొస్తున్నయి గద” అన్నాను.

పదవ తరగతి చదివిన పిల్లవాడు సరైన ప్రశ్న అడిగాడు. ముప్పై ఏళ్ళ సర్వీసున్న నేను తప్పు జవాబు చెప్పాను. ఇన్నేళ్ళైనా ఆ నవ్వు నాకు గుర్తుంది.

పద్నాలుగు నెలల తరువాత ట్రెజరీ నుండి మా బిల్లు అభ్యంతరంతో తిరిగి వచ్చింది. బిల్లులో 2004 సెప్టెంబరు తరువాత చేరినవారు ఐదుగురు కనిపిస్తున్నారు, షెడ్యూలులో నలుగురే ఉన్నారు, ఐదవవారి సంగతి తెలుపవలసినది అని ఎర్ర సిరాతో రాసి ఉంది. ఆ రాసిన ట్రెజరీ గుమాస్తా ఎవరో నేను చూడలేదు. ఆయన రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి లెక్కపెట్టాడు, అంతే. నేను పద్నాలుగు నెలలు చేయని పని అది.

ఆ తరువాత బకాయిల వసూలు మొదలైంది. నెలకు పడవలసిన కోత ఒకటి, పాత నెలల కోత ఒకటి, రెండూ కలిపి పడ్డాయి. అప్పటి పే స్కేలులో అటెండరుకు మూల వేతనం 3,850 రూపాయలతో మొదలు. అందులో ఎనిమిది వందల దాకా పోతే ఆ ఇంట్లో ఎట్లా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. తల్లికి మందులు కొనాలి. అతను నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఇంతటితో అయిపోలేదు. మొదటి ఫారం నింపినప్పుడు అతనికి పెళ్ళి కాలేదు కనుక నామినీగా తల్లి పేరు రాశాము. 2008లో పెళ్ళైంది. మిఠాయి డబ్బా తెచ్చి ఇచ్చి, “సారూ, పెండ్లయింది గద, కాగితాల్ల ఏమన్న రాయాల్నా?” అని మళ్ళీ అడిగాడు. అప్పుడు ఫిబ్రవరి చివర. బడ్జెటు ముగింపు బిల్లులతో తల తిరుగుతున్నది. “రాద్దాం తియ్, ఈ మార్చి పోనియ్” అన్నాను. మార్చి పోయింది. 2009లో నేను రిటైరయ్యాను. నాకు శాలువా కప్పారు, నిజాయితీపరుడైన ఉద్యోగి అని పొగిడారు. నామినీ ఫారం మాత్రం మారలేదు.

2013లో ఆ అబ్బాయి జబ్బుచేసి చనిపోయాడు. నెల తిరిగాక అతని భార్య చంకలో బిడ్డతో మా ఇంటికి వచ్చింది. “కాగితాలన్నీ మీరే రాసిన్రంట పెద్దసారూ” అన్నది. నామినీ అయిన అత్తగారు అంతకు ముందే కాలం చేసింది. అంటే ఆ ఖాతాకు వారసురాలిగా కాగితం మీద ఉన్న మనిషి లేదు, ఉన్న మనిషి కాగితం మీద లేదు. దానికి తోడు సర్వీసు రిజిస్టరులో అతని ఇంటిపేరు ముందు ఉంది, పన్నెండంకెల ప్రాన్ కార్డులో ఇంటిపేరు చివర ఉంది. ఇద్దరూ ఒకరే అని రుజువు చేయాలి. తహశీల్దారు ఆఫీసులో కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం, ఆఫీసు నుండి లెటరు, మహబూబ్‌నగర్‌కు తిరుగుళ్ళు. నేను కూడా ఆమెతో పాటు తిరిగాను. ఎవరో మెచ్చుకోవాలని తిరగలేదు, తిరగకపోతే రాత్రి నిద్ర పట్టక తిరిగాను. డబ్బు వచ్చేసరికి ఏడాదిన్నర దాటింది. నేను 2008లో ఒక ఫారం తీసి ఒక పేరు రాసి ఉంటే అది పది నిమిషాల పని.

ఆమెకు తరువాత ఉద్యోగం వచ్చింది. చేరిన వారంలోనే తన పెన్షన్ స్కీము ఫారం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నింపి పెట్టమని రాలేదు. తానే నింపుకుని వచ్చి, ఒక్కొక్క గడి నాకు పైకి చదివి వినిపించింది. పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, నామినీగా బిడ్డ పేరు, బిడ్డకు సంరక్షకులుగా తన తమ్ముడి పేరు. అన్నీ చదివి, “ఇగ సంతకం పెట్టొచ్చునా సారూ?” అన్నది. నా సర్వీసు మొత్తంలో అంత శ్రద్ధగా నింపిన ఫారం నేను చూడలేదు.

మిత్రులారా, ఇది నా ఒక్కడి తప్పు, మా ఒక్క ఆఫీసు ముచ్చట అనుకుంటే పొరపాటు. కొత్త పింఛను ఖాతాలను పర్యవేక్షించడానికి ఢిల్లీలో పీఎఫ్ఆర్డీఏ అనే నియంత్రణ సంస్థ ఉన్నది. పార్లమెంటు 2013లో చట్టం చేసింది, 2014 ఫిబ్రవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. ఎంత పెద్ద సంస్థ అయినా దానికి తెలిసేది కింది నుండి వచ్చిన సభ్యుల లెక్కే. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వారు ఈ జాతీయ పింఛను పద్ధతి మీద 2020లో ఇచ్చిన నివేదికలో, అర్హులైన ఉద్యోగులందరూ ఇందులో నమోదయ్యారన్న భరోసా లేదని తేల్చారు. అంటే ఐదవ మనిషిని మరచిన గుమాస్తాలు నాలాగా ఇంకా ఉన్నారన్నమాట.

పెద్ద దేశాలు కూడా దీనికి అతీతం కాదు. జపాను వారు క్రమశిక్షణకు పేరుపడ్డవారు కదా. 2007లో ఆ దేశంలో దాదాపు ఐదు కోట్ల పింఛను రికార్డులు ఎవరివో తెలియకుండా పడి ఉన్నాయని బయటపడింది. చందా కట్టారు, డబ్బు జమ అయింది, కాని ఆ డబ్బు ఏ మనిషిదో తెలియదు. కారణాలు వింటే మీకు నవ్వు వస్తుంది, తరువాత భయం వేస్తుంది. 1997లో ఒక్కొక్కరికి ఒకే నెంబరు ఇచ్చేంత వరకు ఉద్యోగం మారినప్పుడల్లా మరొక నెంబరు పుట్టేది. వారి లిపిలో ఒకే పేరును రెండు మూడు విధాలుగా చదవవచ్చును, కంప్యూటరులోకి ఎక్కించినవారు తప్పుగా చదివారు. పెళ్ళైన ఆడవారి ఇంటిపేరు మారింది, రికార్డులో మారలేదు. పుట్టిన తేదీలు తప్పుపడ్డాయి. మన ఇళ్ళల్లో ఉన్న తప్పులే ఇవి! ఆ సంవత్సరం జూలైలో జరిగిన ఎగువ సభ ఎన్నికలలో అధికార పక్షం ఓడిపోవడానికి ఇది ఒక పెద్ద కారణమైంది. చివరకు ఆ పాత సంస్థనే రద్దుచేసి 2010 జనవరిలో కొత్త సంస్థను పెట్టారు.

అయితే వారు చేసిన ఒక మంచిపని మనం నేర్చుకోదగినది. 2009 నుండి ప్రతి సభ్యునికి అతని పుట్టిన నెలలో ఒక ఉత్తరం పంపుతున్నారు. నీ లెక్క మా దగ్గర ఇట్లా ఉన్నది, సరిచూసుకో, తప్పుంటే చెప్పు అని. పై ఆఫీసు లెక్కను కింది మనిషి సరిచూడటం! మన ఆఫీసులలో ఎప్పుడూ కింది లెక్కను పైవాడు చూసే అలవాటే తప్ప, ఎవరి లెక్కో ఆ మనిషికి చూపించే అలవాటు లేదు. ఆ అటెండరు అబ్బాయికి నేను పంపిన స్టేట్‌మెంటు ఒక్కసారి చూపించి ఉంటే మొదటి నెలలోనే తప్పు దొరికేది.

బ్రిటనులో కూడా అంతే. పత్రికల యజమాని రాబర్ట్ మాక్స్‌వెల్ 1991లో చనిపోయిన తరువాత, ఆయన తన కంపెనీ ఉద్యోగుల పింఛను నిధుల నుండి నలభై కోట్ల పౌండ్లకు పైగా తరలించాడని బయటపడింది. దాని తరువాత 1995లో అక్కడ కొత్త చట్టం వచ్చింది. ఇప్పుడు పింఛను నిధులు నడిపేవారు అక్కడి నియంత్రణ సంస్థకు సభ్యుల లెక్కను మూడు గడులుగా విడదీసి ఇవ్వాలి. పనిలో ఉండి చందా కడుతున్నవారు ఎందరు, మానేసి ఇంకా పింఛను వయసు రానివారు ఎందరు, పింఛను తీసుకుంటున్నవారు ఎందరు అని. మొత్తం ఒక్క అంకె వేస్తే కుదరదు. ఆ మధ్య గడిలోని వారే అందరూ మరచిపోయేవారు, అందుకే ఆ గడి.

ఇదంతా ఉద్యోగంలో ఉన్నవారి గొడవ, మనకెందుకు అనకండి. మన లెక్క కూడా పైన ఉన్నది. అది సరిగా ఉందో లేదో చూసుకోవలసినది మనమే. అనుభవం మీద నాలుగు సంగతులు మనవి చేస్తాను.

మొదటిది, ఇంటికి వెళ్ళగానే పీపీఓ బయటకు తీయండి. మీ పేరు, పుట్టిన తేదీ చూసుకోవడం కాదు, మీ భార్య పేరు, ఆమె పుట్టిన తేదీ చూడండి. వయసు పెరిగిన కొద్దీ వచ్చే అదనపు పింఛను పుట్టిన తేదీని బట్టి వస్తుంది. చాలా ఇళ్ళల్లో ఆడవారి పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉంటుంది. మనం పోయిన తరువాత ఆమె వయసుకు రుజువు ఎవరు తెస్తారు? ఆధారులో ఒక పేరు, పీపీఓలో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు ఉంటే బతికి ఉండగానే సరిచేయించండి. కమ్యుటేషన్ చేసుకున్నవారు పదిహేనేళ్ళు ఏ తేదీకి నిండుతాయో గోడ క్యాలెండరు మీద కాదు, పీపీఓ లోపల రాసి పెట్టుకోండి.

రెండవది, లైఫ్ సర్టిఫికెట్. ఏటా ట్రెజరీ వారు చెప్పిన గడువులో ఇవ్వాలి. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది, వేలిముద్రతో పని జరిగింది. పొలం పని చేసిన చేతులకు, ముసలి చేతులకు వేలిముద్రలు పడక మనవారు ఎంత అవస్థ పడ్డారో తెలుసు. 2021 నవంబరు నుండి ముఖం చూపిస్తే చాలు అనే సౌకర్యం కూడా వచ్చింది. “నేను బతికే ఉన్నానని ఏటా చెప్పుకోవాలా?” అని కొందరు మిత్రులు కోపగిస్తారు. నాకూ మొదట ఆ కోపం ఉండేది. ఇప్పుడు లేదు. ‘మార్పు లేదు’ అని చూడకుండా రాసినవాడిని నేను. సంవత్సరానికి ఒకసారి ఎవరో ఒకరు నా ముఖం చూసి లెక్క వేస్తున్నారంటే అది అవమానం కాదు.

మూడవది కొంచెం కఠినమైనది, మన పిల్లలు వినవలసినది. లెక్కలో లేని బతికిన మనిషి ఎట్లా తప్పో, లెక్కలో ఉన్న పోయిన మనిషి కూడా అట్లాగే తప్పు. తండ్రి పోయిన తరువాత ఏటీఎం కార్డు కొడుకు దగ్గర ఉండిపోతుంది. పింఛను పడుతూనే ఉంటుంది. దినాల ఖర్చుకని ఒక నెల తీస్తారు, అలవాటుగా మరో రెండు నెలలు తీస్తారు. నాకు తెలిసిన ఒక ఇంట్లో అట్లాగే జరిగింది. దొంగతనం చేద్దామని చేసినవారు కాదు, ఎవరికి చెప్పాలో తెలియనివారు. తరువాత ఆ మొత్తం తిరిగి కట్టేవరకు తల్లి ఫ్యామిలీ పెన్షన్ కాగితం కదలలేదు. చనిపోయిన రోజు వరకే పింఛను, మరునాటి నుండి అర్హులైన భార్యకు ఫ్యామిలీ పెన్షన్. కనుక పిల్లలు మొదటి వారంలోనే ట్రెజరీకి, బ్యాంకుకు తెలుపవలెను. అది తండ్రి పేరు కొట్టివేయడం అనుకోవద్దు. తల్లి పేరు ఎక్కించడం అనుకోండి.

నాలుగవది, ఉద్యోగంలో ఉన్న మీ కొడుకులను, కోడళ్ళను, బిడ్డలను, అల్లుళ్ళను ఈ పండుగకు ఇంటికి వచ్చినప్పుడు ఒక ప్రశ్న అడగండి. ప్రాన్ ఖాతా స్టేట్‌మెంటులో పన్నెండు నెలలకు పన్నెండు జమలు ఉన్నాయా? పెళ్ళికి ముందు రాసిన నామినీయే ఇంకా ఉందా? సర్వీసులో ఉండి చనిపోయిన సీపీఎస్ ఉద్యోగుల కుటుంబాలకు ఫ్యామిలీ పెన్షన్ వర్తింపజేస్తామని 2021 మార్చిలో మన రాష్ట్ర శాసనసభలో ప్రకటించారు. మంచిదే. కాని ఏ మేలైనా రికార్డు సరిగా ఉన్న ఇంటికే ముందు చేరుతుంది. హైదరాబాదులో ప్రైవేటు కంపెనీలలో పనిచేసే పిల్లలకు ప్రావిడెంటు ఫండు వారి పింఛను ఉంటుంది. 1995 నవంబరు 16 నుండి ఉన్న ఆ పథకంలో నెలనెలా పింఛను రావాలంటే పదేళ్ళ సర్వీసు కావాలి. కంపెనీ మారినప్పుడు చేరిన తేదీ, మానిన తేదీ తప్పుపడితే ఆ పదేళ్ళు తెగిపోతాయి. కంపెనీలు వదిలేసిన ఉద్యోగులను చేర్చుకోవడానికి 2017లో కేంద్రం నామమాత్రపు జరిమానాతో ప్రత్యేక అవకాశం కూడా ఇచ్చింది. అంటే అక్కడా ఐదవ మనిషి ఉన్నాడు.

చివరగా మన ఇంటి సంగతి. ఇతరులకు చెప్పే ముందు మనం ఎట్లా ఉన్నామో చూడాలి కదా. మన సంఘం సభ్యుల జాబితా ఏటా జిల్లా శాఖకు పంపుతాము. పోయిన ఏడాది ఆ జాబితా నా చేతికి వచ్చింది. దాని కింద ఏమి రాసి ఉందో ఊహించండి. ‘మార్పు లేదు.’ చూడగానే నా గుండె ఝల్లుమన్నది.

నేను, మరో ఇద్దరు మిత్రులు రిజిస్టరు పట్టుకుని ఊరూరా తిరిగాము. జాబితాలో ఉన్నవారిలో పదకొండు మంది ఇప్పుడు లేరు. వారి పేర్లకు మన పత్రిక ఇంకా పోస్టులో పోతున్నది. ఆ పదకొండు మందిలో ఏడుగురి భార్యలు బతికి ఉన్నారు. ఆ ఏడుగురి పేర్లు మన జాబితాలో ఎక్కడా లేవు. ఒక అమ్మ మన పత్రికను విప్పకుండా పేర్చి పెట్టింది. “ఆయన పేరు మీద వస్తున్నది గద సారూ, నేనెట్ల విప్పుత?” అన్నది. మరొక అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ రెండేళ్ళుగా తక్కువ పడుతున్నది. అడగడానికి సంఘం ఉందని ఆమెకు తెలుసు, సంఘంలో తాను ఉన్నానని తెలియదు.

ఈ సంవత్సరం జాబితాను మూడు గడులుగా రాశాము. పింఛనుదారులు, ఫ్యామిలీ పెన్షనర్లు, కీర్తిశేషులు. మూడవ గడి కూడా కావాలి. వారిని కొట్టివేయడానికి కాదు, వారి వెనుక ఎవరున్నారో వెతకడానికి. జిల్లా శాఖకు పంపే ముందు ఆ జాబితాను ఈ హాలు బయట బల్ల మీద పెట్టాము. పోయేముందు ప్రతి ఒక్కరూ తమ పేరు తాము చదువుకుని, తప్పుంటే అక్కడికక్కడే దిద్దించి, పక్కన సంతకం గాని వేలిముద్ర గాని వేయవలసిందిగా కోరుచున్నాను. పక్క ఊరిలో మంచం పట్టిన మిత్రుడు ఉంటే ఆయన పేరు కూడా చూడండి. పోయిన సంవత్సరం పంపిన లెక్క తప్పని జిల్లా శాఖకు లెటరు కూడా రాసి పెట్టాము. తప్పు పంపినవారే తప్పని రాసి పంపడం వల్ల గౌరవం పోదు. ఆ పద్నాలుగు నెలలలో ఏ ఒక్క నెలలో నేను అట్లా రాసినా ఆ అబ్బాయికి అంత భారం పడేది కాదు.

ఆ అబ్బాయి భార్య ఈ రోజు ఈ సభకు రాలేదు, ఆమెకు ఆఫీసు ఉన్నది. ఈ విషయం సభలో చెప్పుకుంటానని ముందుగా ఆమెను అడిగాను. “చెప్పండి సారూ. ఆయన పేరు మాత్రం వద్దు, లెక్క చెప్పండి చాలు” అన్నది.

కనుక లెక్క చెబుతున్నాను. ఆ నెలలో మా ఆఫీసులో ఉన్నది నలుగురు కాదు, ఐదుగురు.

 జాబితా బయట బల్ల మీద ఉన్నది.